చెవులమ్మ వినని కేక

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని తన దారిన తాను పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ హోములో ఆవిడ అందరికీ చెవులమ్మే.

మాటలు రాని బిడ్డల్ని ఇంట్లో చూసుకునే దారి లేక, వదిలేయడానికి మనసొప్పక కన్నవాళ్ళు తెచ్చి చేర్చే చోటది. పొడవాటి హాలు, అటు ఏడు మంచాలు, ఇటు ఏడు మంచాలు. ఆ పద్నాలుగు మందిలో ఒక్కరికీ మాట రాదు. ఆకలైతే అన్నం అనలేరు, కడుపు నొప్పొస్తే ఇదిగో ఇక్కడ అని చెయ్యి పెట్టి చూపించలేరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి అడగలేని వాళ్ళ గతేమిటి? వాళ్ళకున్నదల్లా గొంతు. ఆ గొంతు ఏం చెబుతోందో పోల్చుకోవడమే చెవులమ్మ ఉద్యోగం. పక్కలు మార్చడం, మూతి తుడవడం కూడా చేసేదనుకోండి, కానీ అవి ఎవరైనా చేస్తారు.

"పాము చెవులండీ ఆవిడవి" అనేవాళ్ళు. పెరట్లో గుడ్డలు ఆరేస్తూ, హాల్లో ఎవరు అరిచారో చెప్పేది. ఎవరరిచారో చెప్పడం ఓ గొప్పా? ఎందుకరిచారో చెప్పేది, అదీ గొప్ప. కొత్తగా చేరిన ఆయాలకు మొదటి రోజే పాఠం మొదలెట్టేది.

"అరుపు వింటే పరిగెత్తకండి. అరుపంటే కోపమో, విసుగో. కావాలని అరుస్తారు. పరిగెత్తారా, రేపట్నుంచి మిమ్మల్ని తోలుబొమ్మల్లా ఆడిస్తారు. బొబ్బలు పెడితే ఆకలో నిద్రో, అది చూసుకోండి. ఇహ కేకంటారా, కేక వెయ్యడం వేరు, కేక పెట్టడం వేరు. కేకేసినవాడు వేసి ఆగుతాడు, ఎవరైనా వస్తున్నారా అని చూస్తాడు. కేక పెట్టినవాడు ఆగడు. అది వాడు పెట్టేది కాదు, వొంట్లోంచి దానంతటదే వచ్చేసేది. అది విన్నారా, చేతిలో ఏమున్నా కింద పడేసి పరిగెత్తండి. పళ్ళెం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు."

ఈ పాఠం అందరూ వినేవాళ్ళు గానీ నేర్చుకున్న వాళ్ళు తక్కువ. ఎందుకు నేర్చుకుంటారు, పక్కన ఆవిడ ఉండగా? హాల్లో ఎవరు గొంతెత్తినా ఆయాలూ నర్సులూ ముందు చెవులమ్మ మొహం వైపు చూసేవాళ్ళు. ఆవిడ లేస్తే లేచేవాళ్ళు. ఆవిడ కూర్చుంటే వీళ్ళూ కూర్చునేవాళ్ళు. అలా ఒక్క మనిషి చెవుల మీద పద్నాలుగు ప్రాణాలు నడిచాయి, చాలా ఏళ్ళు బాగానే నడిచాయి.

ఓ ఏడాది కొత్త డాక్టరు వచ్చి, అన్నిటికీ కాగితం ఉండాలన్నాడు. ఇంగ్లీషులో గళ్ళ కాగితం అచ్చు వేయించాడు. ఎవరు ఎప్పుడు ఎలాంటి శబ్దం చేశారో రోజూ టిక్కు పెట్టాలి. చెవులమ్మకు ఇంగ్లీషు రాదు. సిస్టరమ్మ, అంటే ఆ హాలు పెద్ద నర్సు, పక్కన కూర్చుని చదివి చెప్పింది.

"ఇది షౌట్. దూరంగా ఉన్నవాళ్ళకి వినపడేలా గట్టిగా అనడం. ఇందులో మామూలుగా మాటలుంటాయి."

"మనవాళ్ళకి మాటలెక్కడివి తల్లీ? కొట్టెయ్. తర్వాత?"

"యెల్. అదీ అలాంటిదే గానీ కాస్త మీదికొచ్చినట్టుంటుంది. కోపమొచ్చినా, సంబరమొచ్చినా."

"సరే, అరుపనుకుందాం. ఆపైన?"

"స్క్రీమ్. భయానికో నొప్పికో వచ్చేది. మాటలుండవు."

"కేక పెట్టడం. ఫరవాలేదే, వాళ్ళకీ తెలుసన్నమాట!"

"ఆఖరిది ష్రీక్. స్క్రీమ్ కంటే సన్నగా, కీచుమని, చెవిలో గుచ్చుకునేలా ఉంటుంది. నొప్పికీ ష్రీకే అంటారు, పట్టలేని సంతోషానికీ ష్రీకే అంటారు."

"రెంటికీ ఒకటే గడా?" అంది చెవులమ్మ, నవ్వు ఆపేసి.

"ఒకటే గడి."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"మీరున్నారుగా" అంది సిస్టరమ్మ, చాలా మామూలుగా.

ఇద్దరి కళ్ళూ ఆరో మంచం వైపు పోయాయి. ఆ మంచం మీది పిల్లను ఆరేళ్ళప్పుడు తెచ్చి చేర్చారు. ఇప్పుడు ఇరవై నాలుగు. అందరూ పిట్ట అంటారు. నడుం కింద కదలిక లేదు, కాళ్ళ వేళ్ళు మాత్రం కదుపుతుంది. గొంతు మరీ సన్నం. కిటికీలోంచి ఎండ పడితే సంతోషంతో కీచుమనేది, దాన్ని హాల్లో అందరూ పిట్ట పాట అనేవాళ్ళు. నొప్పొచ్చినా అదే కీచు. వినేవాళ్ళకు రెండూ ఒకటే. చెవులమ్మకు మాత్రం పగలూ రాత్రీ అంత తేడా. "సంతోషమైతే మధ్యలో ఊపిరి తీసుకుంటుందే, నొప్పైతే ఊపిరి అందక తెగిపోతుంది" అని చెప్పేది. చెబితే ఏం లాభం, ఆ తేడా వినడానికి పద్దెనిమిదేళ్ళ అలవాటు కావాలి.

అదిగో, ఆ పిట్ట గొంతే ముందు పోయింది. పిట్టకు కాదు, చెవులమ్మకు.

ముసలితనంలో వచ్చే చెవుడు దొంగలా వస్తుంది. లావు గొంతులన్నీ భద్రంగా వదిలేసి, సన్నవాటిని ఒక్కొక్కటే ఎత్తుకుపోతుంది. ఓ ఉదయం ఇంట్లో చెల్లెలు కుట్టుమిషను దగ్గర్నుంచి కస్సుమంటూ వచ్చింది.

"ఏం మనిషివే అక్కా! కుక్కరు నీ పక్కనే అన్నిసార్లు కూస్తే స్టవ్వు ఆపొద్దూ? మాడి చచ్చింది!"

"కూసిందా?" అంది చెవులమ్మ.

ఎవరికీ చెప్పకుండా దూరపు వీధిలో ఉన్న చెవుల డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన చెవులకేవో తగిలించి, ఏవో మీటలు నొక్కి, సన్న శబ్దాలు ఇక వినపడవనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ, మిషను పెట్టుకుంటే కొంత నయమనీ చెప్పాడు. మర్నాడు హోముకు వెళ్ళి తిన్నగా ఆరో మంచం ముందు నిలబడింది. ఎండ పడింది. పిట్ట నోరు తెరిచింది, మెడ నరం పొంగింది, కళ్ళు మెరిశాయి. చెవులమ్మకు ఏమీ వినపడలేదు. పెరట్లోకి పోయి, ఆరేసిన దుప్పట్ల చాటున నిలబడి ఏడ్చింది.

అప్పుడే చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. మిషనూ పెట్టుకోలేదు. చెవులమ్మ చెవిలో మిషనా, నలుగురూ నవ్విపోరూ! అసలు భయం అదీ కాదు. చెబితే చాకలి గదికి మారుస్తారు. ఆ హాలు, ఆ పద్నాలుగు మంది, గొంతు లేచినప్పుడల్లా తన వైపు తిరిగే ఆ మొహాలు, ఆవిడ బతుకంతా కలిపి అదే. పెళ్ళి నిలవలేదు, పిల్లల్లేరు. చెవులే ఆస్తి, చెవులే పరువు.

"చెప్పెయ్యవే అక్కా. ఏదన్నా అయితే?" అని చెల్లెలు రోజూ పోరింది.

"చెప్తాలే. రోజూ చెవిలో జోరీగలా నీ పోరొకటి" అంటూ దాటేసింది.

చెప్పకపోగా ఉపాయం పన్నింది. ఎండ బాగా తగులుతుందని సాకు చెప్పి, పిట్ట మంచాన్ని సరిగ్గా తన స్టూలుకు ఎదురుగా వేయించుకుంది. వినలేనిది కళ్ళతో చూడటం మొదలెట్టింది. సంతోషమైతే పిట్ట కాలివేళ్ళు విచ్చుకుంటాయి, నొప్పైతే ముడుచుకుంటాయి. ఎనిమిది నెలలు అలా నెట్టుకొచ్చింది. ఓసారి పంటి నొప్పి, ఇంకోసారి నడుం కింద పుండు, అందరికంటే ముందు తనే కనిపెట్టింది. మొదటిసారే బోర్లా పడుంటే సిగ్గో ఎగ్గో పడి నిజం చెప్పేసేది. పడలేదు, అదీ పిట్ట ఖర్మ.

హాలుకు రంగులు వేయించే రోజొచ్చింది. పనివాళ్ళు గోడ వారనున్న మంచాలన్నీ ఇవతలికి లాగేశారు. పిట్ట మంచాన్ని హాలు చివరికి తీసుకుపోయి, రంగు చుక్కలు పడకుండా చుట్టూ తెర కట్టారు. చెవులమ్మ స్టూలు తీసుకుని ఆ తెర లోపలికే బయల్దేరింది. సగం దారిలో సిస్టరమ్మ పిలిచింది.

"చెవులమ్మా, రేపు తనిఖీవాళ్ళొస్తున్నారు. ఈ దుప్పట్లన్నీ మడిచి అలమరాలో సర్దించండి. మీరెక్కడ కూర్చుంటేనేం, మీ చెవులు హాలంతా తిరుగుతుంటాయిగా!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. నాకు వినపడదమ్మా, నేను పిట్ట ఎదురుగానే కూర్చోవాలి, అని అంటే సరిపోయేది. ఎంత మాటని? నాలుక దాకా వచ్చింది కూడా. ఆ దిక్కుమాలిన పరువు అడ్డొచ్చింది. స్టూలు తెచ్చి బల్ల దగ్గర వేసుకుని దుప్పట్లు మడవసాగింది. తెర ఆవిడ వీపు వెనక, పదడుగుల దూరంలో ఉంది.

భోజనాలప్పుడు పిట్టకు తినిపించింది చిన్నాయా. చేరి ఏడాదైన పిల్ల, చెవులమ్మంటే దానికి దేవుడితో సమానం. రెండు ముద్దలు తిని మూతి బిగించిందని చెప్పింది. రంగుల వాసనకు సయించలేదేమో అనుకున్నారు. కాసేపటికి చిన్నాయా మళ్ళీ వచ్చింది.

"పెద్దమ్మా, పిట్ట ఇవాళ తెగ కీచుమంటోంది. పాటేనంటారా?"

చిన్నాయాది బొంగురు గొంతు. ప్రతి మాటా చక్కగా వినపడింది. చెవులమ్మ చేతిలో దుప్పటి ఆగింది. తెర వైపు చెవి పెట్టింది. రంగువాళ్ళ నిచ్చెన ఈడ్చిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. అంతే. చిన్నాయా కళ్ళింత చేసుకుని ఆవిడ మొహంలోకి చూస్తోంది. అటు మూడో మంచం దగ్గర మందులిస్తున్న నర్సు కూడా తలతిప్పి చూస్తోంది. అందరూ వింటున్నారు. తనొక్కతే వినడం లేదు.

అప్పుడు ఆవిడ చేసిన పని చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. తల కాస్త పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, రోజూ వినేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఓ క్షణం ఉండి, "పాటేనే. పాడనీ" అంది.

చిన్నాయా నిశ్చింతగా పోయింది. నర్సు మందుల పని చూసుకుంది. ఈ నాలుగూ మడిచి వెళ్ళి చూద్దాం అనుకుంది చెవులమ్మ. నాలుగూ మడిచేసరికి అలమరా తాళం కనపడలేదన్నారు. అది దొరికేసరికి చిరిగిన దుప్పట్లు విడిగా పెట్టమన్నారు. ఆ మధ్యలో రెండు మూడుసార్లు లేవబోయింది కూడా. లేచి వెళ్తే, పాటని చెప్పి మళ్ళీ ఎందుకు చూస్తున్నారని ఎవరైనా అడుగుతారేమోనని కూర్చుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కుండానే తనకు తానే భయపడింది.

టీ వేళకు గ్లాసు పట్టుకుని తెర తొలగించింది. పిట్ట మొహం బూడిదరంగులోకి తిరిగింది. పెదవి కొరుక్కుంది, నెత్తురొచ్చింది. కాలివేళ్ళు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా తగిలింది. చెవులమ్మ గ్లాసు వదిలేసి కేక పెట్టింది. ఆ కేకకు హాలంతా పరిగెత్తుకొచ్చింది.

పేగు మెలిపడిందట. పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. అప్పటికే లోపలంతా నల్లబడిపోయిందనీ, ఓ రెండు గంటల ముందు తెచ్చుంటే దక్కేదనీ అక్కడి డాక్టరు అన్నాడు. మూడో రోజు పొద్దున పిట్ట పోయింది.

హోములో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఏమంటారు? కాగితం ఉందిగా. ఆ మధ్యాహ్నం తాలూకు కాగితంలో ష్రీక్ గడిలో టిక్కు, పక్కన నర్సు రాసిన నాలుగు మాటలు: సంతోషంగా ఉంది, చెవులమ్మ విని చెప్పారు. నొప్పి ఆలస్యంగా బయటపడిందనీ, మన తప్పేమీ లేదనీ డాక్టరు సంతకం పెట్టాడు. చిన్నాయా చాకలి గదిలో చెవులమ్మను పట్టుకుని భోరుమంది.

"ముందు పాడే ఉంటుంది పెద్దమ్మా. నొప్పి తర్వాత వచ్చుంటుంది. మీరు విన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అది నొప్పేనేమో, నేనే వదిలేశానేమోనని జన్మంతా కుమిలిపోయేదాన్ని."

చెవులమ్మ ఆ పిల్ల వీపు నిమిరి పనిలోకి పంపేసింది. ఇంటికి వెళ్ళి చెల్లెలితో కూడా చెప్పలేదు. చెల్లెలు అడగలేదు. అక్క మొహం చూస్తే అంతా తెలిసిపోయింది.

వారం తర్వాత పిట్ట తల్లి వచ్చింది. బస్సు టిక్కెట్ల కౌంటరులో పనిచేసే మనిషి, నెలకో ఆదివారం తప్పకుండా వచ్చి పొద్దంతా కూతురు మంచం మీద కూర్చునేది. ఈసారి పిట్ట బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చింది. సిస్టరమ్మ గదిలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్నాయా మంచినీళ్ళిచ్చింది. చెవులమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఒక్కటి చెప్పండమ్మా" అంది తల్లి. "ఆ రోజు నా పిల్ల చాలా బాధపడిందా? ఏడ్చిందా? నాకు అదొక్కటే పట్టుకుంది, అన్నం దిగట్లేదు."

"లేదమ్మా" అంది సిస్టరమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని. నిజమనుకునే చెప్పింది పాపం. "మధ్యాహ్నమంతా పాడుతూనే ఉంది. ఇదిగో, మన చెవులమ్మే విన్నారు. చివర్లోనే ఉన్నట్టుండి అలా అయింది."

"పాడిందా?" తల్లి మొహం ఒక్కసారిగా తేటపడింది. కళ్ళనీళ్ళు కారుతుండగానే నవ్వింది. "పోన్లెండమ్మా, పాడుకుంటూ ఉందన్నమాట. మీరు విన్నారా అక్కా? అయితే నిజమే. మీరు చెప్తే ఇక అనుమానం లేదు నాకు."

అక్కడితో ఊరుకోవచ్చు. ఆ తల్లికి అన్నం దిగుతుంది, చిన్నాయాకు నిద్ర పడుతుంది, చెవులమ్మ పరువు పదిలంగా ఉంటుంది. నలుగురికీ మంచిదైన అబద్ధాన్ని పాడు చేయడమెందుకని మీరనుకుంటే, ఆ క్షణం చెవులమ్మా అదే అనుకుంది. కానీ పిట్టకు లోకంలో ఉన్నదల్లా ఆ గొంతొక్కటే. ప్రాణం పోతుంటే దాంతోనే మొరపెట్టుకుంది. ఆ మొరను కూడా పాట కింద రాసేసి చేతులు దులుపుకుంటే, ముప్పై ఏళ్ళు తను ఎవరి గొంతు విన్నట్టు? గుమ్మం దగ్గర్నుంచి వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పాట కాదమ్మా. కేక పెట్టింది."

గదిలో అందరూ ఆవిడ వైపు చూశారు.

"నాకు వినపడలేదు. నాకు సన్న గొంతులు వినపడక ఎనిమిది నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల వచ్చి పాటేనా అని అడిగింది. నేను విన్నట్టు తల వంచి పాటేనన్నాను. ఆ పిల్ల తప్పు లేదు, సిస్టరమ్మ తప్పు లేదు. వాళ్ళందరూ విన్నారు. నేను పాటన్నానని ఊరుకున్నారు."

చిన్నాయా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుంది. సిస్టరమ్మ "చెవులమ్మా!" అంది. తల్లి మొహంలో తేట అంతా పోయింది. తిట్టలేదు. కొట్టినా బాగుండుననుకుంది చెవులమ్మ.

"ఎంతసేపు పిలిచింది?" అంది తల్లి.

చెవులమ్మ తల తిప్పి చిన్నాయా వైపు చూసింది.

"నువ్వు చెప్పవే. నువ్వు విన్నావుగా."

"భోజనాల దగ్గర్నుంచి" అంది చిన్నాయా, ఏడుపు మధ్యలో. "టీ వేళకి కాస్త ముందు దాకా. మధ్యమధ్యలో తెగిపోయేది. మళ్ళీ మొదలెట్టేది. చివర్లో ఇక ఆగిపోయింది. పడుకుందనుకున్నాం."

తల్లి ఒళ్ళో సంచీ తీసి కింద పెట్టింది. తర్వాత ముందుకు వంగి, చెవులమ్మకు స్పష్టంగా వినపడేలా, చాలా మెల్లగా, గట్టిగా, ఒక్కో మాటే అడిగింది.

"అంతసేపూ, మీరు, ఎక్కడున్నారక్కా?"

"అక్కడే ఉన్నానమ్మా" అంది చెవులమ్మ. "తెర ఇవతల, పదడుగుల్లో. దుప్పట్లు మడుస్తున్నాను."